వెనక నుంచి వచ్చిన చప్పుడు

మెకానిక్కుగా నాకు మంచి పేరుంది. ఆ పేరు నాది కాదు.

ఈ రెండు మాటలు బయటపెట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఇన్నేళ్ళూ ఇది గొంతులో ముల్లులా ఉండిపోయింది. మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పనీ లేదు. అలా ఉండటమే మంచిది. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే నా నోట సగం నిజమే వస్తుంది, మిగతా సగాన్ని నాకు అనుకూలంగా తిప్పుకుంటాను. ఆ గుణం నాలో ఉందని నాకు బాగా తెలుసు.

ఎల్.బి.నగర్‌లో నాకు సొంత షెడ్డుంది. కారు సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతోందనీ, ఏసీ వేస్తే ఇంజన్ ఆగిపోతోందనీ, ఎక్కడ చూపించినా దొరకడం లేదనీ చెప్పి నా దగ్గరికి తెస్తారు. ఇలాంటి బాధకు చాలాసార్లు కారణం గాలి. ఇంజన్‌లోకి వెళ్ళే గాలి దాని దారిలోనే వెళ్ళాలి. ఎక్కడో ఒక రబ్బరు పైపు చిట్లినా, రెండు భాగాల అతుకు మధ్య వేసే గ్యాస్కెట్ పాడైనా, ఆ సందులోంచి అదనపు గాలి లోపలికి దూరుతుంది. ఇంజన్ తికమకపడుతుంది. మేం దాన్ని ఎయిర్ లీకేజీ అంటాం. నీళ్ళ పైపు చిట్లితే నీళ్ళు కారతాయి, నూనె పైపు చిట్లితే కింద మరక పడుతుంది. ఇక్కడ అలా ఏమీ కనపడదు. గాలి లోపలికి పోతుంది కాబట్టి బయట ఏ గుర్తూ ఉండదు. ఇంజన్ రొదలో సన్నగా ఒక ఈల. అంతే. అది వినగలిగినవాడికి సగం పని అయిపోయినట్టే.

అలా వినగలిగినవాడు సైదులు.

సైదులుది నల్లగొండ జిల్లాలో మా పక్క ఊరు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే షెడ్డుకు అతన్ని తీసుకొచ్చింది నేనే. ఊళ్ళో ట్రాక్టర్ల మీద పని నేర్చుకున్న మనిషి. నాకంటే చిన్నవాడు, 'అన్నా' అని పిలిచేవాడు. మొదట్లో నేను చెప్పింది చేసేవాడు. ఏడాది తిరిగేసరికి నేను చెప్పాల్సిందేమీ మిగల్లేదు. బానెట్ ఎత్తి, పక్కవాళ్ళను మాట్లాడొద్దని సైగ చేసి, తల ఒక పక్కకు వాల్చి కాసేపు నిలబడేవాడు. తర్వాత చెయ్యి ముందుకు చాచి ఒకచోట వేలు పెట్టేవాడు. అక్కడ స్ప్రే కొడితే ఇంజన్ చప్పుడు మారేది, లీకు అక్కడే ఉండేది. నేను అదే పని అంగుళం అంగుళం వెతుక్కుంటూ చేసేవాణ్ణి. నాకూ దొరికేది. కానీ అప్పటికి కస్టమర్ విసుక్కుని మూడో టీ తాగుతూ ఉండేవాడు.

రోడ్డు మధ్య మెట్రో స్తంభాలు లేస్తున్న రోజులవి. కొత్తపేట దాటాలంటే కార్లన్నీ ఎండలో ఏసీ వేసుకుని పాకేవి. ఇలాంటి కంప్లయింట్లు రోజూ వచ్చేవి. వచ్చినవాళ్ళు నన్ను చూసి, నా భుజం మీదుగా లోపలికి చూసి, "సైదులు లేడా?" అనేవారు. వాళ్ళకు నా మీద కోపం లేదు. నన్ను తక్కువ చెయ్యాలనీ లేదు. ఊరికే అడిగేవారు. ఆ ఊరికే అడగడమే నన్ను తినేసింది. అవమానించాలని అవమానిస్తే తిరిగి ఓ మాట అనొచ్చు. ఇదేంటి మరి? దీనికి ఎవరితో పోట్లాడాలి?

షెడ్డు యజమాని సుబ్బారావు గారిది తెనాలి వైపు. మంచి మనిషి. ఒకరోజు టీ తాగుతూ నన్ను పక్కకు పిలిచారు.

"ఎల్.బి.నగర్‌లో ఇంకో షెడ్డు తీస్తున్నానయ్యా. అది సైదులు చేతికి ఇద్దామనుకుంటున్నాను. నువ్వు వాడికి పెద్దన్న లాంటివాడివి. ఏమంటావు?"

నన్నే అడిగారు. ఆ షెడ్డు సంగతి చూచాయగా విన్నప్పటి నుంచే నాకు దాని మీద ఆశ ఉందని ఆయనకు తట్టనేలేదు.

"మంచిగుంటది సార్" అన్నాను. నవ్వాను కూడా.

ఆ నవ్వుతో మొదలైందేమో. లేక అంతకు ముందే మొదలై, ఆ రోజు నాకు తెలిసిందేమో. ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా మొదలు దొరకదు. అతన్ని ఊరి నుంచి తెచ్చానన్న గర్వం ఎప్పుడు కడుపుమంటగా మారిందో చెప్పలేను. ఒకటి మాత్రం చెప్పగలను. కోపంలో చేసిన పని కాదిది. చల్లగా, ఆలోచించి, చేతులు కడుక్కుని చేశాను.

చైతన్యపురిలో కోచింగ్ పాఠాలు చెప్పే లెక్చరర్ ఒకాయన మా పాత కస్టమర్. తోటి లెక్చరర్లందరినీ మా దగ్గరికి పంపేవాడు. ఆయన మాటంటే సుబ్బారావు గారికి గురి. ఆయన కారు వణుకుతోందని వస్తే సైదులు చూసి, గ్యాస్కెట్ పోయిందని మార్చాడు. కారు బాగైపోయింది. నేను స్వయంగా నడిపి చూశాను కాబట్టి నాకు తెలుసు. పాలు పోసినట్టు నడిచింది.

మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు నేను ఆ బానెట్ ఎత్తాను. ఇంజన్‌కు వెనక, లోపలగా, కంటికి ఆనని చోట వేలంత లావు రబ్బరు పైపు ఒకటుంది. దాని క్లిప్పు వదులు చేసి, పైపును అంచు దాకా లాగి వదిలాను. ఊడిపోదు. కారు నాలుగు గుంతలు ఎక్కి దిగితే జరుగుతుంది, గాలి పీలుస్తుంది. ఎవరైనా చూసినా దానంతట అదే జారిందనుకుంటారు. బానెట్ మూసి వచ్చి, సైదులు పక్కనే కూర్చుని అన్నం తిన్నాను. వాళ్ళావిడ పద్మ కట్టిచ్చిన పచ్చడి అతనే నా పళ్ళెంలో వేశాడు. తిన్నాను.

కారు తిరిగొచ్చింది. "నేను చూస్త సార్" అని నేనే ముందు ఎదురెళ్ళి బానెట్ ఎత్తాను. ఎత్తుతూనే పైపును లోపలికి నొక్కేసి, అప్పుడు సైదుల్ని పిలిచాను. అతను తల వాల్చి విన్నాడు. ఏమీ లేదు. చాలాసేపు విన్నాడు. ఏమీ లేకపోతే ఏం వినపడుతుంది? అన్నీ బిగించి చూసి, బాగానే ఉందని చెప్పి పంపాడు. పంపేముందు బానెట్ మూసింది నేను. మూసేముందు పైపు మళ్ళీ లాగాను.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ అదే చేశాను. అవును, మళ్ళీ. ఒకసారితో ఆగి ఉంటే బుద్ధి గడ్డి తిందని సరిపెట్టుకునేవాణ్ణి. నేను ఆగలేదు.

ఆఖరిసారి లెక్చరర్ గట్టిగానే అరిచాడు. నడిరోడ్డు మీద కారు ఆగిపోయి, వెనకాల బస్సులవాళ్ళు తిట్టారట. సుబ్బారావు గారు గదిలోంచి బయటికొచ్చారు. షెడ్డులో అందరూ పని ఆపి చూస్తున్నారు. నేను స్ప్రే డబ్బా కుడిచేతిలోకి తీసుకున్నాను. ఎడమచెయ్యి నడుస్తున్న ఇంజన్ వెనక్కి పోనిచ్చి, పైపును లోపలికి నొక్కి పట్టుకుని, ఆనుకుని నిలబడ్డట్టు నిలబడ్డాను. సైదులు కొత్తగా వేసిన గ్యాస్కెట్ మూల మీద కుడిచేత్తో స్ప్రే కొట్టాను. అదే క్షణంలో వెనక ఎడమచేత్తో పైపు కొంచెం లాగాను.

ఇంజన్ గొంతు మారింది. లేచి, తడబడి, మళ్ళీ లేచింది. స్ప్రే తగిలినచోట లీకుంటే ఇంజన్ చప్పుడు మారుతుందని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. అందరూ నా కుడిచేతినే చూశారు.

"ఈడ్నే. గ్యాస్కెట్ సరిగ్గ కూసోలే" అన్నాను.

సైదులు కదల్లేదు. తల పక్కకు వాల్చి ఉన్నాడు. అతని కళ్ళు గ్యాస్కెట్ మీద ఉన్నాయి, చెవి మాత్రం నా ఎడమచేతి వైపు తిరిగి ఉంది.

"అన్నా, సప్పుడు ఎనకకెళ్ళి ఒస్తున్నట్టున్నది" అన్నాడు.

సరిగ్గా విన్నాడు. అంత గోలలో, అంతమంది చూస్తుండగా, అంత అవమానంలో కూడా సరిగ్గానే విన్నాడు. అప్పుడు నేను పైపు వదిలేసి, "అవును, ఇదిగో, ఎనక పైపు జారింది" అని ఉంటే అయిపోయేది. ఎవరికీ అనుమానం రాకుండా తప్పించుకునే దారి అతనే చూపించాడు నాకు. నేను ఆ దారి తీసుకోలేదు.

"ఎనక ఏముందిరా? కండ్ల ముందల కనవడ్తలేదా? నీకు చెవులు మంచిగ ఇనొస్తున్నయా లేవా?"

"నీకు గిక్కడ్నే ఇనొస్తున్నదా అన్నా?"

"నాకు మంచిగనే ఇనొస్తుంది. నీకు ఇనొస్తలేదా?"

అతను నా ముఖం చూశాడు. ఊరి నుంచి తెచ్చిన అన్నను చూశాడు. ఇప్పటికీ ఆ చూపు గుర్తొస్తే చేతిలో ఉన్న పని వదిలేసి బయటికి వెళ్ళి నిలబడతాను. నా మీద అనుమానం లేదు ఆ చూపులో. తన మీద తనకు పుట్టిన అనుమానం ఉంది. అతని చెవి ఒకటి చెబుతోంది, నేను ఇంకొకటి చెబుతున్నాను. అతను నన్ను నమ్మాడు.

"ఏంటి సైదులూ ఇది?" అన్నారు సుబ్బారావు గారు. నేను గ్యాస్కెట్ విప్పి మళ్ళీ అదే బిగించాను. పైపు నొక్కి క్లిప్పు గట్టిగా తిప్పాను. కారు మళ్ళీ రాలేదు.

ఇక్కడితో అయిపోయి ఉంటే ఇది ఒక షెడ్డు కోసం చేసిన నీచపు పని అయ్యేది. కానీ అతను చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాడు. ఒక్కడే వెళ్ళాలంటే భయంగా ఉందట. తోడు రమ్మని నన్నే అడిగాడు. వెళ్ళాను. దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక క్లినిక్కులో గాజు తలుపున్న చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు మిషన్ తగిలించి పరీక్ష చేశారు. అద్దంలోంచి నాకు కనపడుతూనే ఉన్నాడు. చప్పుడు వినపడ్డప్పుడల్లా బడిపిల్లాడిలా చెయ్యెత్తుతున్నాడు. చెవులు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"మిషన్ల సప్పుడు ఇనొస్తుంది అన్నా. ఇంజన్ల సప్పుడే తప్పు ఇనొస్తుంది. గిదేం రోగమో."

ఆ మెట్ల మీద నాకు ఇంకో అవకాశం దొరికింది. అతని భుజం మీద చెయ్యి వేసి నేనన్న మాట ఇది: "మిషన్ ఏరు, ఇంజన్ ఏరు తమ్మీ. దుమ్ముకు, రొదకు చెవులు మొద్దువడ్తయ్. పరేషాన్ గాకు."

ఓదార్పు అనుకుని తల ఊపాడు.

ఎల్.బి.నగర్ షెడ్డు నాకొచ్చింది. సుబ్బారావు గారు పెద్దవారై ఊరికి వెళ్ళిపోతూ దాన్ని నాకే అప్పగించారు. సైదులు దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకొన్నాళ్ళు ఉన్నాడు. ఏ కారు వచ్చినా, "మీకు ఎక్కడ ఇనొస్తున్నది?" అని పక్కవాణ్ణి అడిగేవాడట. బిగించిందే మళ్ళీ బిగించేవాడట. బిగించి బిగించి ఒక కారులో బోల్టు తెంపేశాడు. వాషింగ్ పని చూసుకోమన్నారు. చూసుకున్నాడు కొన్నాళ్ళు. తర్వాత మానేసి డ్రైవింగ్‌లో చేరాడని విన్నాను. విని ఏమనిపించింది నాకు? నిజం చెప్పాలి కదా. ఊపిరి పీల్చుకున్నాను. ఇక ఎదురుపడడు అనుకున్నాను.

ఈమధ్య ఎదురుపడ్డాడు. కర్మన్‌ఘాట్‌లో ఎవరి ఇంట్లోనో డ్రైవర్‌గా ఉన్నాడట. వాళ్ళ కారు వణుకుతోందని నా షెడ్డుకు తెచ్చాడు. జుట్టు నెరిసింది. నన్ను చూసి సంతోషపడ్డాడు. "మా సార్‌కు చెప్పిన, గీ పనికి అన్నను మించినోడు లేడని" అన్నాడు. ఇప్పుడు మా దగ్గర పొగ మిషన్ ఉంది. గాలి వెళ్ళే దారిలోకి పొగ వదిలితే లీకున్నచోట బయటికొస్తుంది. చెవులతో పని లేదు. మావాళ్ళు ఇంజన్ ఆపి మిషన్ తగిలిస్తున్నారు. సైదులు దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను పక్కకు వెళ్తే నవ్వుతూ మెల్లగా అన్నాడు.

"దారి పొడుగుత బ్రేక్ పైపు మూలకాడ ఈల ఏసినట్టు కొట్టింది అన్నా. నా చెవుల సంగతి నీకెర్కనే గద. అందుకే ఎవలకు చెప్పలే."

పొగ బయటికొచ్చింది. ఇంజన్ గాలిదారి నుంచి బ్రేకులకు పోయే ఆ పైపు మూలలోంచే వచ్చింది, సన్నటి దారంలా. అతను చూశాడు. ముఖంలో ఏదో వెలిగింది, వెంటనే ఆరిపోయింది. "ఒక్కోపారి గట్ల తగుల్తది తియ్" అన్నాడు.

అప్పుడు కూడా నేను నిజం చెప్పలేదు. పైపు మార్పించి పంపేశాను. కానీ ఆరిపోయిన ఆ ముఖం నన్ను ఇంట్లో ఉండనివ్వలేదు. నేను అతని చేతి నుంచి పని ఒక్కటే లాక్కున్నానని అనుకుంటూ వచ్చాను. తన చెవితో తాను విన్నదాన్ని నిజమని అనుకునే హక్కు లాక్కున్నానని ఆ రోజే తెలిసింది.

ఆదివారం తుర్కయంజాల్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు, ముందు రేకుల పందిరి. పద్మ "రా బావా" అని కుర్చీ వేసి టీ ఇచ్చింది. నేను టీ పక్కన పెట్టి చెప్పేశాను. మధ్యాహ్నం బానెట్ ఎత్తడం, పైపు లాగడం, కుడిచేత్తో స్ప్రే, ఎడమచేత్తో పైపు, అంతా. ఎందుకు చేశానో కూడా చెప్పాను. నా మాటలు పొడిగా, ఎవరో చదివి వినిపిస్తున్నట్టు వచ్చాయి. చెప్పడం అయ్యాక అతను కొడతాడనుకున్నాను. కొట్టాలని కోరుకున్నాను.

సైదులు నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా మనసు సల్లవడాల్నని గింత దూరం ఒచ్చి గిట్ల చెప్తున్నవా అన్నా? నాకు తెల్వదా? మొన్న పొగ ఒచ్చినప్పుడు నా మొకం జూసినవ్, జాలి పడ్డవ్. నీది పెద్ద మనసు. గని నీ మీద నువ్వు ఏసుకుంటే నా చెవులు మంచిగైతయా?"

"ఒట్టు సైదులూ. పిల్లల మీద ఒట్టు."

"ఊకో అన్నా, ఒట్లు పెట్టకు. నువ్వు గట్ల చేసేటోనివి గాదు."

ఎంత చెప్పినా నమ్మలేదు. ఆ పైపు ఎక్కడుంటుందో, దాని క్లిప్పు ఎలా ఉంటుందో చెప్పాను. నవ్వాడు. నేను ఆ రోజు ఆడిన అబద్ధం అతనిలో ఎంత లోతుగా దిగిందంటే, ఇప్పుడు నేను నిజం చెప్పినా దానికి అక్కడ చోటు లేదు. లేక నమ్మాడా? నమ్మి, నమ్మితే పోయిన ఏళ్ళన్నీ ఏం చేసుకోవాలో తెలియక నా ముందు నవ్వాడా? నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

పద్మ నమ్మింది. గేటు దాకా వచ్చింది. నేను తాగని టీ గ్లాసు ఆమె చేతిలోనే ఉంది.

"నిజమేనా?" అంది.

"నిజమే."

టీ మట్టిలో పారబోసింది.

"ఆయనకు మల్ల చెప్పకు. ఎన్ని దినాలు నిద్ర లేకుంట తిరిగిండో నాకెర్క. నా చెవులు గింతే అనుకొని ఇప్పుడిప్పుడే నెమ్మదిగ బతుకుతున్నడు. ఇది నిజమని తెలిస్తే ఇంక బతకడు. నీ మనసు తేలికవడనీకి ఆయన్ని సంపకు. మా ఇంటికి రాకు."

ఎప్పుడూ 'బావా' అని పిలిచే మనిషి ఆ రోజు చివర్లో ఏ వరసా కలపలేదు. గేటు గడియ వేసుకుంది.

అందుకే మీ దగ్గరికొచ్చాను. అతనికి చెప్పే దారి మూసుకుపోయింది. మూసినామె మాట న్యాయమే. షెడ్డు వదిలేసి ఎటైనా పోదామా అని ఆలోచించాను. నేను పోతే సైదులుకు ఒరిగేదేముంది? నేనే గొప్పవాణ్ణని ఇంకోసారి అనుకోవడానికి తప్ప అది ఎందుకూ పనికిరాదు. రేపు పొద్దున కూడా షట్టర్ ఎత్తుతాను. ఎవరో ఒకరు వచ్చి మీలాంటి మెకానిక్ లేడంటారు. తల ఊపుతాను. ఇంకేం చెయ్యను?

మీరు నన్ను క్షమించక్కర్లేదు. అది మీ చేతిలో ఉన్నది కాదు, నేను అడగడమూ లేదు. నమ్మితే చాలు. సైదులు నన్ను దేవుడనుకుంటున్నాడు, షెడ్డుకొచ్చేవాళ్ళు మొనగాణ్ణనుకుంటున్నారు, ఇంట్లోవాళ్ళు మంచివాణ్ణనుకుంటున్నారు. పద్మ తర్వాత, నేనేంటో తెలిసి నన్ను చీదరించుకునే మనిషి మీరే. చీదరించుకోండి. ఇన్నేళ్ళ తర్వాత నాకు కాస్త ఊపిరాడుతున్నది అక్కడే.